సిస్టరమ్మ నేర్పిన టేక్

ఇంగ్లీషులో నాకు గట్టిగా వచ్చిన మాట ఒక్కటే. టేక్. మిగతావన్నీ చుట్టపుచూపుగా వచ్చి పోయాయి, ఇదొక్కటే తిష్ఠ వేసుకుని కూర్చుంది. టీవీలో ఎవరైనా ‘టేక్ కేర్’ అంటే చాలు, ఈరోజుకీ నా చెవులు వేడెక్కిపోతాయి. సిగ్గు. ఏదో చిన్న సిగ్గు కాదు, చీర కొంగు మొహమ్మీద కప్పుకుని ఎక్కడికైనా పారిపోవాలనిపించే సిగ్గు. ఎందుకో చెప్తాను గానీ మధ్యలో నవ్వకండి. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది.

మాది శ్రీకాకుళం వైపు. పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివాను. పెళ్ళయ్యాక రాయ్‌పూర్ వచ్చాను. మా ఆయనకి ఉర్లాలో ఒక రోలింగు మిల్లులో పని, ఇల్లు పక్కనే బీర్‌గావ్‌లో. మా సందులో అయిదారు తెలుగిళ్ళుండేవి. ఒక్కో ఇంటిదీ ఒక్కో తెలుగు, అందరి తెలుగులోనూ సగం హిందీ. ‘సబ్జీ ఏటి చేసినావు’, ‘గ్యాస్ ఖతమైపోనాది’ అని మాట్లాడుకునేవాళ్ళం. మా అమ్మ ఫోన్లో వింటే, ‘అదేం భాషే నీ మొహం’ అని తిట్టేది.

మా పక్క వాటాలో ఒక నర్సమ్మ ఉండేది. బాపట్ల వైపు మనిషి, ఒంటరిది. ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో డ్యూటీ. ఆదివారం పూట ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళేది. సందంతా ఆవిణ్ణి సిస్టరమ్మ అనే పిలిచేది. ఇంగ్లీషు అదరగొట్టేది. డాక్టర్లతో మాట్లాడీ మాట్లాడీ అలా వచ్చేసిందంట.

ఇక్కడ మా సందు పద్ధతి ఒకటి చెప్పాలి. పిల్లల బడిలో పేరెంట్స్ మీటింగంటే మా దగ్గర పేరెంట్స్ వెళ్ళేవాళ్ళు కాదు. సిస్టరమ్మ వెళ్ళేది. మగవాళ్ళకి షిఫ్టులు, ఆడవాళ్ళకి ఇంగ్లీషు భయం. టీచరమ్మ ఏదో అడుగుతుంది, మనం నోరెళ్ళబెడతాం, పిల్లల పరువు పోతుంది. అందుకని ‘సిస్టరమ్మా, మావాడి బడికి ఈ శనివారం మీరు వెళ్ళాలి’ అని ముందే చెప్పుకునేవాళ్ళం. పాపం ఆవిడ ఆఫ్ రోజు మార్చుకుని మరీ వెళ్ళేది. ఒక బడిలో ఆంటీ, ఒక బడిలో పిన్ని. బదులుగా ఎవరింట్లో చేపల పులుసు పెట్టినా మొదటి గిన్నె ఆవిడకే. ఇందులో తప్పేముందని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

మిగతా పిల్లలు దగ్గరి బళ్ళకి వెళ్ళేవాళ్ళు. మా ఆయనకి మాత్రం కూతుర్ని దేవేంద్ర నగర్‌లో పెద్ద ఇంగ్లీషు బడిలో వేయాలని పట్టు. సీటు కోసం సిస్టరమ్మే వెళ్ళి మాట్లాడింది, సీటొచ్చింది. ఆ తర్వాత మీటింగులన్నిటికీ ఆవిడే. బడి ఆటోలో పిల్ల పోయేది, ఆటోలోనే వచ్చేది. నేను ఆ బడి గేటు కూడా చూడలేదు. రెండేళ్ళు అలా గడిచిపోయాయి.

పిల్ల మూడో తరగతిలో ఉండగా పద్యం అప్పజెప్పడంలో దానికి ఫస్టొచ్చింది. సిస్టరమ్మ మీటింగ్ నుంచి వచ్చి చెప్పింది. ‘టీచర్ ఎంత పొగిడిందో అమ్మాయ్, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి’ అంది. అంతే, నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు. నా మీదే. నా కూతుర్ని పొగిడితే ఇంకొకరి కళ్ళలో నీళ్ళు తిరగడమేటి? కన్నది నేను, రోజూ జడలేసేది నేను, వాంతి చేసుకుంటే దోసిలి పట్టింది నేను. పొగడ్త వినేది మాత్రం ఇంకొకరా?

“ఈసారి నేనే వెళ్తాను సిస్టరమ్మా” అన్నాను.

నొచ్చుకుంటుందేమో అనుకున్నా. లేదు, ఎగిరి గంతేసింది. “వెళ్ళు మరి! ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. నేను నేర్పుతాగా” అంది.

అలా మొదలైంది నా చదువు. సాయంత్రం నేను చపాతీలు ఒత్తుతుంటే ఆవిడ గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చునేది. పిల్ల నా పక్కనే హోంవర్కు చేసుకునేది, విసుగొస్తే నా ఒళ్ళోకి ఎక్కేది. మొదట్రోజే సిస్టరమ్మ తేల్చేసింది. “నీకు ఇంగ్లీషంతా అక్కర్లేదు అమ్మాయ్. ఒక్క టేక్ పట్టుకో, గట్టెక్కేస్తావు.”

నిజంగానే ఆ ఒక్క మాటతో ఎన్ని పనులో! మనం స్నానం చేస్తాం, ఇంగ్లీషువాడు తీసుకుంటాడు. మనం మాత్ర మింగుతాం, వాడు దాన్నీ తీసుకుంటాడు. మనం కూర్చుంటే వాడు సీటు తీసుకుంటాడు. మనం బస్సెక్కితే వాడు బస్సు తీసుకుంటాడు. ఫోటో, సెలవు, విశ్రాంతి, పరీక్ష అన్నీ తీసుకోవడమే. జాగ్రత్తగా ఉండమని చెప్పడానికి కూడా తీసుకోమనే అంటాడు, టేక్ కేర్ అని.

“అన్నీ తీసుకోవడమేనా సిస్టరమ్మా? ఆడికి ఇవ్వడమనేది తెల్దా?” అన్నాను.

మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి చెప్పులిప్పుకుంటూ, “మన దేశాన్ని కూడా అలాగే కదా తీసుకున్నాడు” అన్నాడు. ముగ్గురం నవ్వాం. పిల్లకి అర్థం కాకపోయినా అదీ నవ్వింది.

నాకు మాత్రం ఆ టేక్ మింగుడుపడేది కాదు. మనకి ఎన్ని మాటలున్నాయి! పిల్లని ఎత్తుకుంటాం, బియ్యం తెచ్చుకుంటాం, తాంబూలం పుచ్చుకుంటాం, చెయ్యి పట్టుకుంటాం. ఏ పనికి ఆ మాట. వాడేమో ఒకే గరిటెతో పప్పూ పాయసం రెండూ కలిపేస్తున్నట్టుండేది నాకు. కానీ సిస్టరమ్మ ఊరుకునే మనిషి కాదు. “తర్వాత తిట్టుకుందువుగాని, ముందు పలుకు” అనేది. చపాతీ కర్రతో తాళం వేస్తూ పలికేదాన్ని.

ఒకరోజు ‘టేక్ ఆఫ్టర్’ అని కొత్తది తెచ్చింది. పోలిక రావడమంట. పిల్ల అప్పుడు నా ఒళ్ళో ఉంది. దాని ముక్కు పట్టుకుని ఊపి, “షీ టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్. ఇదిగో ఈ ముక్కు, ఈ ముక్కు మీది కోపం, రెండూ నీవే” అంది సిస్టరమ్మ. “ఓలమ్మో, ముక్కు కూడా తీసుకోడమేనా?” అన్నాను నేను. మళ్ళీ నవ్వులు. నా చేత నాలుగుసార్లు అనిపించింది. పిల్ల కూడా నాతో పాటు అంది.

చివరికి మీటింగ్‌లో చెప్పడానికి నాకో వాక్యం తయారు చేసి ఇచ్చింది. “యు టేక్ గుడ్ కేర్ ఆఫ్ మై డాటర్. థాంక్యూ, మేడమ్.” నా కూతుర్ని మీరు బాగా చూసుకుంటున్నారు అని. బట్టలు పిండుతూ అదే, కుళాయి దగ్గర వరసలో నిలబడీ అదే. పక్కింటి ఛత్తీస్‌గఢీ ముసలమ్మ నన్ను చూసి, పిల్లకి ఏదైనా గాలి సోకిందా అని సిస్టరమ్మని అడిగిందంట, పిల్ల అంటే నేను. ఎవరేమనుకుంటే నాకేటి? నేను మై డాటర్ అని ఇంగ్లీషులో అనబోతున్నాను. ఆ టీచరమ్మ నా మొహం చూసి, ఓహో తల్లి ఈవిడా అనుకోవాలి. నాకు కావలసింది అంతే.

ఒక్కటే తేడా కనిపించింది. శనివారం దగ్గరపడే కొద్దీ పిల్ల మాట్లాడ్డం తగ్గించింది. “నువ్వే వస్తావా? సిస్టరమ్మ రాదా?” అని రోజూ అడిగేది. “నేనొస్తే నీకేటే?” అని కసిరేదాన్ని.

ఆ శనివారం పెళ్ళిళ్ళకి కట్టే చీర తీసి కట్టాను. పిల్ల పొద్దున్నే బడి ఆటోలో పోయింది. నేను పదింటికి షేర్ ఆటో ఎక్కాను. ముందు రోజు వాన పడింది. భన్‌పురి దగ్గర లారీలన్నీ అడ్డదిడ్డంగా నిలబడి రోడ్డంతా నల్లటి బురద. ఒక లారీ పోతూ పోతూ నా చీర కుచ్చిళ్ళ మీద ఇంత బురద కొట్టి పోయింది. “నీ చేతులు పడిపోనూ!” అని అరిచాను. ఏం లాభం? బడి దగ్గర దిగి కుళాయి నీళ్ళతో కడుక్కుంటే మరక ఇంకా పాకింది. వెలిసిపోయిన హవాయి చెప్పులు, తడిసిన కుచ్చిళ్ళు, చేతిలో ప్లాస్టిక్ సంచి. ఆ సంచిలో టీచరమ్మకని అరిసెలు కూడా తెచ్చాను, సిగ్గులేకపోతే సరి.

తరగతిలో ఇద్దరు టీచర్లు ఉన్నారు. మా పిల్ల ముందు బల్ల దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసింది. నేను నవ్వాను. అది నవ్వలేదు.

టీచరమ్మ చిన్నదే, మంచిదే. పిల్ల తల నిమురుతూ, “మమ్మీ నహీ ఆయీ?” అని అడిగింది. మీ అమ్మ రాలేదా అని.

నేను గుమ్మంలోనే ఉన్నాను. వాక్యం నాలిక మీదుంది.

పిల్ల నా వైపు చూసి, తల దించుకుని, “మమ్మీ డ్యూటీ పే హై” అంది.

అమ్మ డ్యూటీలో ఉందంట. అప్పటికి గానీ నాకు తలకెక్కలేదు. ఈ బళ్ళలో పిల్లతో ఏ ఆడమనిషి వచ్చినా ‘మమ్మీ, ఇలా రండి, మమ్మీ, ఇక్కడ కూర్చోండి’ అనే పిలుస్తారు. సిస్టరమ్మ అది ఊరికే పిలుపనుకుంది, కాదని చెప్పలేదు. వీళ్ళేమో తెల్లచీర నర్సమ్మే తల్లి అనుకున్నారు. పిల్లకి ఆ తల్లి బాగానే ఉంది. ఇంగ్లీషు మాట్లాడే తల్లి. రెండేళ్ళుగా అది ఆ తల్లితోనే బడి చేస్తోంది.

“ఔర్ యే?” అంది టీచరమ్మ నన్ను చూపించి. మరి ఈవిడ?

“ఘర్ సే ఆయీ హై” అంది పిల్ల. ఇంటి నుంచి వచ్చింది.

అబద్ధమేమీ చెప్పలేదు చూడండి. ఇంటి నుంచే కదా వచ్చాను. టీచరమ్మ నన్ను పైనుంచి కిందకి చూసింది, బురద దగ్గర చూపు ఆగింది. “అచ్ఛా, లేనే ఆయీ హో?” అంది. తీసుకెళ్ళడానికొచ్చావా అని. నువ్వు అని. హిందీ నాకు బాగా వచ్చు, ఆ మర్యాద ఎక్కడ తెగిందో కూడా తెలుస్తుంది.

నాకున్న కోపానికి ఆ గది పైకప్పు లేచిపోవాలి. లేవలేదు. పిల్ల చేతులు చూశాను. గౌను అంచు పట్టుకుని నలిపేస్తోంది. చుట్టూ దాని స్నేహితులు. ఇప్పుడు నేను తల్లినంటే అది అందరి ముందూ అబద్ధాలకోరు. ఇక ఆ బడిలో అది తలెత్తుకోగలదా? నేను నేర్చుకున్న వాక్యంలో మై డాటర్ అని ఉంది. ఆ వాక్యం ఇంకెందుకూ పనికిరాదు. కానీ నోరు ఏదో ఒకటి అనాలి కదా. అందులోంచే ఒక ముక్క విరిచి అన్నాను.

“ఎస్, మేడమ్. ఐ కమ్ టు టేక్.”

టీచర్లిద్దరూ మొహాలు చూసుకుని నవ్వారు. వెక్కిరింత కాదు, ముచ్చటపడ్డారు. “వీళ్ళింట్లో బాయీ కూడా ఇంగ్లీషు మాట్లాడుతుంది!” అంది రెండో ఆవిడ హిందీలో. ఇక్కడ పనిమనిషిని బాయీ అంటారు. మా టీచరమ్మ ఆవిడ వైపు తిరిగి, పిల్లని చూపించి, ఇంగ్లీషులో చెప్పింది. “షీ టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్.”

వాళ్ళు మాట్లాడుకున్న ఇంగ్లీషంతటిలో నాకు అర్థమైన వాక్యం అదొక్కటే. నేర్చుకోకపోయి ఉంటే ఎంత బాగుండేది! మామూలుగా తలూపి వచ్చేసేదాన్ని. సిస్టరమ్మ పోలికంట నా కూతురు. నా ముక్కు పెట్టుకుని నా ఎదురుగా నిలబడింది, ఆవిడ పోలికంట. పిల్ల సిగ్గుపడింది నన్ను చూసి. నేను సిగ్గుపడింది ఎవర్ని చూసో చెప్పలేను. చీరని చూసి, చెప్పుల్ని చూసి, చపాతీ కర్రతో తాళం వేసుకుంటూ మురిసిపోయిన మొద్దు మొహాన్ని తలుచుకుని. అరిసెల సంచి వీపు వెనక దాచుకున్నాను.

గేటు దాటాక పిల్ల నా చెయ్యి పట్టుకుంది. విదిలించేశాను. ఆటోలో ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. దెబ్బలు పడతాయని అది ఎదురుచూస్తోందని తెలుసు. కొడితే బాగుండేదేమో, ఒకరోజులో తీరిపోయేది. కొట్టలేదు, ఏమీ అడగలేదు. ఇంటికొచ్చి అన్నం పెట్టాను. రెండు మెతుకులు కతికి లేచిపోయింది.

సాయంత్రం సిస్టరమ్మ చెప్పులైనా విప్పకుండా మా ఇంట్లోకొచ్చింది. “చెప్పు, చెప్పు, ఏమన్నారు?”

“బాగా జరిగింది సిస్టరమ్మా. ఇంగ్లీషులోనే మాట్లాడాను. మెచ్చుకున్నారు” అన్నాను.

“చూశావా! నేను చెప్పలా?” అని నా బుగ్గలు పుణికింది. ఆ మంచి మనిషికి నిజం చెప్తే ఆవిడ ఇంక మా గడప తొక్కేది కాదు. తలుపు చాటు నుంచి పిల్ల వింటోంది. నేనటు చూడలేదు.

ఆ తర్వాత మీటింగ్ వచ్చినప్పుడల్లా నాకు తలనొప్పో, ఇంటికి చుట్టాలో. సిస్టరమ్మే వెళ్ళేది. పిల్ల బడి మారేదాకా అంతే. ఆవిడ ఉద్యోగం మానేసి బాపట్ల వెళ్ళిపోయే రోజున స్టేషన్లో నన్ను కావలించుకుని, “టేక్ కేర్ అమ్మాయ్” అంది. నేను ఏడ్చాను. ఎందుకేడ్చానో పూర్తిగా ఆవిడకి తెలియదు.

పిల్ల చదువుకుంది. ఇప్పుడు రోజంతా ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడే ఉద్యోగం. పెళ్ళయింది, కొడుకు. కాపురం దేవేంద్ర నగర్‌లోనే. నన్ను బాగానే చూసుకుంటుంది, ఆ మాట అనకపోతే కళ్ళు పోతాయి. ఆ శనివారం గురించి మాత్రం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. దానికి గుర్తులేదనుకున్నాను. అది నన్ను చూసి అలాగే అనుకుందేమో.

పోయిన ఎండాకాలం సెలవుల తర్వాత మనవణ్ణి నర్సరీలో వేశారు. మధ్యాహ్నం వాణ్ణి తీసుకురావడం నా పని. మొదటిరోజు గేటు దగ్గర నన్ను చూపించి చెప్పడానికి పిల్ల కూడా ఆఫీసుకి ఆలస్యంగా వెళ్తానని చెప్పి వచ్చింది. ఫోనొస్తే మాట్లాడుతూ రెండడుగులు వెనకపడింది. నేను ముందు గేటు దగ్గరికి వెళ్ళాను. గార్డు కుర్రాడు లేచి, “కౌన్ హై ఆప్?” అన్నాడు. ఎవరు మీరు అని.

అమ్మమ్మనని చెప్పాలి. నానీ అంటే సరిపోతుంది. బడి గేటు ముందు ఆ ప్రశ్న వినేసరికి నోరు దాని పని అది చేసేసింది.

“ఐ కమ్ టు టేక్” అన్నాను.

వెనక ఫోన్లో మాట ఆగిపోయింది.

గార్డు నన్నొదిలేసి పిల్లని అడిగాడు. “మేడమ్, రోజూ ఈ బాయీయే వస్తుందా?”

పిల్ల ఫోను చెవి దగ్గరే ఉంది. మొహం పాలిపోయింది. ఇంగ్లీషు, హిందీ అన్నీ కరతలామలకంగా వచ్చిన పిల్ల, గార్డు మొహంలోకి చూసి తెలుగులో, “మా అమ్మ” అంది. వాడికి అర్థం కాలేదనుకుందో ఏమో, మళ్ళీ గట్టిగా, “మా అమ్మ ఆవిడ” అంది. అక్కడున్న తల్లులంతా తిరిగి చూశారు. గార్డు చేతులు జోడించాడు.

నాకు సంతోషమవ్వాలి కదా. ఛీ, తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ ఆ సిగ్గు నా ఒక్కదానిదే అనుకుని గుట్టుగా దాచుకున్నాను. అంత చిన్నపిల్ల దాన్ని వెంటేసుకుని తిరిగిందని, ఆటోలో నేను విదిలించిన చెయ్యి అది మర్చిపోలేదని ఆ నిమిషం దాకా నాకు తట్టనేలేదు.

పిల్లలు బయటికి రావడానికి ఇంకా టైముంది. గోడ నీడలో ఇద్దరం నిలబడ్డాం. అది నా వైపు చూడకుండా అడిగింది.

“అమ్మా, ఆరోజు టీచర్ ఇంకో టీచర్‌తో ఇంగ్లీషులో ఒక మాటంది. నీకు అర్థమైందా?”

చిన్నప్పుడు దెబ్బ కోసం ఎదురుచూసినట్టే నిలబడింది. చున్నీ అంచు నలుపుతోంది.

“నాకు ఇంగ్లీషెక్కడొచ్చే? ఏదో నవ్వుకున్నారు” అన్నాను.

“ఊఁ” అంది. కళ్ళు తుడుచుకుంది. చెయ్యి పట్టుకున్నాను, ఈసారి నేనే.

నమ్మినట్టు తలూపింది గానీ, దానికి తెలుసు. సిస్టరమ్మ నాకు ఆ మాట నేర్పిన సాయంత్రం అది నా ఒళ్ళోనే కూర్చుంది. నాతో పాటు పలికింది.